ఫ్లాట్ డాట్ బకాయి

(ఆదివారం పొద్దున. డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క గోంగూర కట్టలు, ఇంకో పక్క ల్యాప్‌టాప్. సుబ్బారావు బ్యాంకు ఉద్యోగి, అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ. మెయింటెనెన్స్ వసూళ్ళకి సొంతంగా వెబ్‌సైట్ తయారుచేస్తున్నాడు, రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో వెబ్‌సైట్లు కట్టే రూబీ ఆన్ రైల్స్‌లో. ఆయనకి రైల్స్ రాదని ఆయనకి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. వసంత అదే రైల్స్ మీద జీతం తెచ్చుకుంటున్న మనిషి. అందుకే ఆమెను అడగలేదు.)

సుబ్బారావు: ఈ రూబీకి కళ్ళు కనపడవా ఏంటి? బకాయి లెక్క చెప్పే కోడ్ ముక్క, బకాయి అని మెథడ్ రాశాను. ఎదురుగా ఉంది. లేదంటోంది!

వసంత: గోంగూర తుంచమన్నాను. అదీ ఎదురుగానే ఉంది.

సుబ్బారావు: తుంచుతాలే. ముందు ఇది చూడు.

వసంత: ఎర్రర్ ఏమని వచ్చింది?

సుబ్బారావు: ఎర్రగా వచ్చింది.

వసంత: చదివారా అని.

సుబ్బారావు: అంత ఎర్రగా ఉంటే ఇంక చదివేదేముంది?

వసంత: (తల పక్కకి తిప్పి చూసి) "ఫ్లాట్ అనే క్లాసుకి బకాయి అనే మెథడ్ లేదు" అంటోంది. అసలు లేదనలేదు, క్లాసుకి లేదంది. రూబీ 3.3 నుంచి ఈ మాత్రం విడమరిచి చెబుతోంది పాపం, నమూనా లాంటి క్లాసుకి లేదో, దాన్నిబట్టి పుట్టిన ఒక్కోదానికి, అంటే ఇన్‌స్టన్స్‌కి లేదో. చదివే నాథుడుండాలి.

సుబ్బారావు: ఏం తేడా? ఫ్లాట్ డాట్ బకాయి అని పిలిచాను.

వసంత: ఏ ఎఫ్? క్యాపిటలా, స్మాలా?

సుబ్బారావు: క్యాపిటల్. పేరు కదా, గౌరవంగా ఉంటుందని.

వసంత: గౌరవం నన్ను పిలిచేటప్పుడు చూపించండి. సరే, ఏ ఫ్లాట్ బకాయి కావాలి మీకు?

సుబ్బారావు: మన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుదే.

వసంత: 101దా, 302దా?

సుబ్బారావు: అబ్బా, ఏదో ఒకటి!

వసంత: ఏదో ఒకటంటే అదేం చెప్పి చస్తుంది? క్యాపిటల్ ఎఫ్‌తో ఫ్లాట్ అంటే క్లాసు. దానికి గోడల్లేవు, ఓనర్ లేడు, కరెంటు మీటరు లేదు. బకాయెక్కడిది? ముందు ఫ్లాట్ డాట్ ఫైండ్ బై, నంబర్ 302 అని క్లాసును అడగండి. డేటాబేసులోంచి ఆ ఒక్క ఫ్లాటును తెచ్చి చేతిలో పెడుతుంది. దాన్ని స్మాల్ ఎఫ్ ఫ్లాట్ అనే పేరులో దాచుకుని, అప్పుడు దాన్ని బకాయి అడగండి.

సుబ్బారావు: మరి ఆ ఫైండ్ బై కూడా ఫ్లాటునే అడగొచ్చుగా? మధ్యలో ఈ క్లాసు పెత్తనమేంటి?

వసంత: ఇంకా దొరకని ఫ్లాటుని "నువ్వెక్కడున్నావ్" అని ఎలా అడుగుతారండీ? వెతకడం, వడగట్టడం, కొత్తది పుట్టించడం క్లాసు పని. ఫైండ్, వేర్, క్రియేట్ అన్నీ అక్కడివే. చేతికొచ్చాక సేవ్ చేయడం, అప్‌డేట్ చేయడం, దాని అప్పు దాన్ని అడగడం ఇన్‌స్టన్స్ పని.

సుబ్బారావు: అంతా మెలికలే. అచ్చం మీ పుట్టింటివాళ్ళ లాగా.

వసంత: అదిగో! ఇప్పుడు మీరు చేసింది కూడా ఆ తప్పే. మా అన్నయ్య మెలికలు పెడతాడు, ఒప్పుకుంటాను. అది వాడి ఒక్కడి గుణం. దాన్ని తీసుకెళ్ళి మా పుట్టిల్లనే క్లాసుకి తగిలించారు.

సుబ్బారావు: నువ్వు మాత్రం "మగాళ్ళంతా ఇంతే" అని రోజుకోసారి అనవూ?

వసంత: అది ఫ్లాట్ డాట్ కౌంట్ లాంటిది. ఏ ఒక్కరినో అడిగితే తేలేది కాదు, అందరినీ లెక్కేస్తే తేలినది. అది క్లాసు మీదే ఉండాలి.

(సుబ్బారావు ఒక గోంగూర ఆకు తుంచి, కాడను గిన్నెలోనూ ఆకును చెత్తలోనూ వేశాడు. వసంత చూసింది. ఏమీ అనలేదు.)

సుబ్బారావు: అయినా నేనేం ఊరికే కూర్చోలేదు. ఇదే ఎర్రర్ పోయినవారం కూడా వచ్చింది. మెథడ్ మొదట్లో ఉండే డెఫ్ పక్కన సెల్ఫ్ డాట్ అని పెట్టాను. ఎర్రర్ చచ్చినట్టు పోయింది.

వసంత: పోయి?

సుబ్బారావు: అన్ని ఫ్లాట్లకీ ఒకే బకాయి చూపించడం మొదలెట్టింది. అందుకే ఇవాళ ల్యాప్‌టాప్‌లో దాన్ని తీసేశాను, ఎర్రర్ మళ్ళీ వచ్చింది.

వసంత: చూపించదూ మరి! సెల్ఫ్ డాట్ పెడితే అది క్లాస్ మెథడ్ అయిపోయింది. దాని లోపల సెల్ఫ్ అంటే 302 కాదు, ఫ్లాట్ క్లాసు. పైథాన్ వాళ్ళు నయం, ఇన్‌స్టన్స్ అయితే సెల్ఫ్ అనీ క్లాసయితే సీఎల్ఎస్ అనీ వేర్వేరుగా రాసుకుంటారు. రూబీలో రెండు చోట్లా సెల్ఫే. ఎక్కడ నిలబడి అంటున్నామో మనమే చూసుకోవాలి. ఇంతకీ ఆ బకాయి అంకె ఎక్కడ దాచారు?

సుబ్బారావు: ఒక ఎట్ గుర్తు పెడితే నిల్, అంటే ఏమీ లేదని వస్తోంది. రెండు ఎట్‌లు పెట్టాను, గట్టిగా ఉంటుందని.

వసంత: రెండు ఎట్‌లంటే క్లాస్ వేరియబులండీ! క్లాసు మొత్తానికీ ఒక్కటే డబ్బా. ఇరవై నాలుగు ఫ్లాట్ల అప్పూ ఆ ఒక్క డబ్బాలో! 302 ఆయన డబ్బు కట్టగానే మీరేం చేశారు?

సుబ్బారావు: సున్నా చేశాను.

వసంత: ఎవరికి?

సుబ్బారావు: ...అందుకా నిన్న లిఫ్టులో అందరూ నమస్కారాలు పెట్టారు!

వసంత: మరి ఇవాళ పెట్టారా?

సుబ్బారావు: లేదు. రాత్రి సర్వర్ రీస్టార్ట్ చేశాను. పొద్దున్నకి 302తో సహా అందరికీ మళ్ళీ రెండున్నర వేలు వచ్చేసింది. ఆయన రసీదు పట్టుకుని వచ్చాడు. పైగా రీస్టార్ట్‌కి ముందు పేజీ రిఫ్రెష్ కొడితే ఒకసారి సున్నా, ఒకసారి 2500. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం నిక్షేపంలా ఉండేది!

వసంత: ల్యాప్‌టాప్‌లో ఒక్కటే ప్రాసెస్, అంటే ప్రోగ్రాము కాపీ ఒక్కటే నడుస్తుంది కాబట్టి. అక్కడ కూడా కోడ్ మార్చి సేవ్ చేసి చూడండి, రైల్స్ క్లాసును మళ్ళీ లోడ్ చేస్తుంది, మీ అంకె మొదటికి వస్తుంది. అద్దె సర్వర్‌లో రిక్వెస్టులు అందుకునే ప్యూమా ప్రోగ్రాముకి ఎన్ని వర్కర్లు పెట్టారు?

సుబ్బారావు: రెండు. ఎక్కువుంటే స్పీడట కదా.

వసంత: ఒక్కో వర్కర్ ఒక్కో ప్రాసెస్. దేని ఫ్లాట్ క్లాసు దానిదే, దేని డబ్బా దానిదే. 302 ఆయన కట్టిన రిక్వెస్ట్ మొదటి వర్కర్‌కి వెళ్ళింది, అక్కడ సున్నా అయింది. రెండోదానికి ఆ కబురే అందలేదు. రిఫ్రెష్ ఏ వర్కర్‌కి తగిలితే అది తన మాట చెప్పింది.

సుబ్బారావు: రెండు నాలుకల సర్వర్ అన్నమాట.

వసంత: సర్వర్‌ని అనకండి. వెబ్‌లో ఇది ముఖ్యం, వినండి. రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఫ్లాట్ ఇన్‌స్టన్స్ పుడుతుంది, పేజీ పంపేశాక దాని పని అయిపోతుంది. క్లాసు అలా కాదు, సర్వర్ లేచింది మొదలు పడుకునేదాకా అలాగే ఉంటుంది. ఒకరి తాలూకు డేటా తీసుకెళ్ళి క్లాసులో పెడితే తర్వాత వచ్చినవాడికి కూడా అదే కనబడుతుంది. ఇవాళ బకాయి కాబట్టి సరిపోయింది. లాగిన్ అయిన మనిషి పేరు అలా పెట్టుంటే? ఒకళ్ళ ఖాతాలో ఇంకొకళ్ళు తేలేవారు.

సుబ్బారావు: (గొంతు తగ్గించి) అది కూడా పెట్టాను.

వసంత: దేవుడా! ముందు అది తీయండి. డబ్బు కట్టినట్టు డేటాబేసులో రాయండి. బకాయి మెథడ్‌కి ఆ సెల్ఫ్ డాట్ మళ్ళీ పెట్టకండి. ఫ్లాట్ తన బిల్లుల మొత్తంలోంచి తన చెల్లింపులు తీసేసి చెబుతుంది. మూడు లైన్లు.

(సుబ్బారావు టైపు చేశాడు. మూడు లైన్లకి అయిదు తప్పులు పోయాయి. 302 బకాయి సున్నా వచ్చింది, 101ది 2500 వచ్చింది. రిఫ్రెష్ కొట్టినా కదల్లేదు.)

సుబ్బారావు: అయితే ఈ క్లాస్ మెథడ్లన్నీ దండగ. ఇంక రాయను.

వసంత: ఆ కోపమే వద్దు. బకాయి ఉన్న ఫ్లాట్లన్నీ కావాలంటే? అది ఏ ఒక్క ఫ్లాటునీ అడిగేది కాదు. డెఫ్ సెల్ఫ్ డాట్ బకాయిదారులు అని రాయండి. అక్కడ సెల్ఫ్ డాట్ ఉండాల్సిందే.

సుబ్బారావు: అలాంటిదొకటి నేనూ వాడాను. ఆలస్య రుసుము వంద రూపాయలు అందరికీ వేయాలి కదా, అప్‌డేట్ ఆల్ అని ఒక్క దెబ్బతో వేసేశాను. కానీ ఒక్కరికీ మెసేజ్ వెళ్ళలేదు, వెనక్కి తీసేశాను.

వసంత: మెసేజ్ పంపే కోడ్ ఎక్కడ రాశారు?

సుబ్బారావు: ఆఫ్టర్ సేవ్‌లో. ఫ్లాట్ సేవ్ అవగానే పోవాలి.

వసంత: అప్‌డేట్ ఆల్ అసలు ఏ ఫ్లాటునీ సేవ్ చేయదండీ. నేరుగా డేటాబేసుకి ఒక్క అప్‌డేట్ వాక్యం పంపి ఊరుకుంటుంది. సేవ్‌కి ముందు సరిచూసే వ్యాలిడేషన్లు నడవవు, మీ ఆఫ్టర్ సేవ్ లాంటి కాల్‌బ్యాక్‌లు నడవవు. లక్ష వరుసలుంటే అదే దిక్కు. ఇరవై నాలుగింటికి ఆ తొందరెందుకు? ఫైండ్ ఈచ్ అని ఒక్కో ఫ్లాటునీ పిలిచి అప్‌డేట్ చేయండి. బకాయి ఉన్నవాళ్ళకే పోవాలి, అది చూసుకోండి.

(టైపింగ్. ఎంటర్. కాసేపు నిశ్శబ్దం. పై అంతస్తులో ఒక ఫోన్ మోగింది, కింద అంతస్తులో ఇంకొకటి. ఆ తర్వాత ఫ్రిజ్ మీదున్న వసంత ఫోన్.)

వసంత: "ఫ్లాట్ 204 యజమాని గారికి, మీ బకాయి రూ. 2600. వెంటనే చెల్లించగలరు. ఇట్లు, సెక్రటరీ." ఏవండీ, 204 మనది. నా పేరున ఉంది. ఒకటో తారీఖున రెండున్నర వేలు మీ చేతిలో పెట్టాను.

సుబ్బారావు: పెట్టావు.

వసంత: అవేం చేశారు?

సుబ్బారావు: చూడు వసంతా, అది నా ప్రైవేట్ మెథడ్. బయటినుంచి పిలవకూడదు.

వసంత: రూబీలో సెండ్ అని ఒకటుంది. దానితో పిలిస్తే ప్రైవేట్ మెథడ్ అయినా నోరు విప్పుతుంది. అత్తయ్యగారికి ఫోన్ కలపనా?

సుబ్బారావు: వద్దు, వద్దు! ఆ అద్దె సర్వర్‌కి కట్టాను. ఇదిగో, పబ్లిక్‌గానే చెబుతున్నాను.