కారుతుంది కాబట్టే కారు

మా 2006 మోడల్ డీజిల్ బండి స్టీరింగ్ బాక్స్, అంటే మనం స్టీరింగ్ తిప్పితే ఆ తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టె, కారడం మొదలుపెట్టి మొన్న ఉగాదికి మూడేళ్లు నిండాయి. రాష్ట్రం రెండయింది, నంబర్ ప్లేట్ల మీద టీఎస్ వచ్చి 2024లో టీజీ అయింది. మా బండి మాత్రం ఏపీ 09 గానే ఉండి, ఈ మూడేళ్లూ తన ధర్మం ప్రకారం చుక్క చుక్కగా నూనె కారుతూ వచ్చింది. ఇంత నిలకడ ఉన్న వ్యవస్థను పాడుచేయడం ఎందుకని నేనూ ముట్టుకోలేదు.

దీన్ని కొందరు పిసినారితనం అనుకోవచ్చు. కాదు, ఇది టాపప్ సిద్ధాంతం. రిజర్వాయర్‌లో నూనె తగ్గితే పోయాలి, మళ్లీ తగ్గితే మళ్లీ పోయాలి. పైపు పగిలితే రోడ్డు తవ్వి, అతుకేసి, మట్టి కప్పి, ఆర్నెల్లకు అక్కడే మళ్లీ తవ్వే నగరంలో ఓటరునైన నాకు ఇంతకంటే పెద్ద ఆదర్శం ఎక్కడ దొరుకుతుంది? మూడేళ్లలో ఏటీఎఫ్ అనే ఎర్ర స్టీరింగ్ నూనె ఇరవై ఆరు సీసాలు పట్టింది. లెక్కపెట్టింది నేను కాదు, మా ఆవిడ. ఖాళీ సీసాలన్నీ వరసగా డైనింగ్ టేబుల్ మీద పేర్చి, "ఏమండీ, భోజనానికి రండి" అని మాత్రమే అంది.

బాక్స్ తప్పేమీ లేదని సాంకేతికంగా నిరూపించగలను. పవర్ స్టీరింగ్ అనే భోగం 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో కార్ల మార్కెట్‌లోకి వచ్చింది. దాన్ని చేసినవాళ్లు హైదరాబాద్ యూ-టర్న్ చూసి ఎరగరు. కూడళ్లు మూసేసి, ఎదురుగా కనిపించే కూరగాయల దుకాణానికి కూడా కిలోమీటరు ముందుకెళ్లి తిరిగి రమ్మనే ఊరు మనది. అక్కడ బస్సుకూ డివైడర్‌కూ మధ్య ఇరుక్కుని స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకుంటే పంపు కుయ్యిమని మూలుగుతుంది, లోపల నూనె ఒత్తిడి 1,000 పీఎస్ఐ దాటుతుంది. మనం టైరులో కొట్టించే గాలి ముప్పై, ముప్పై అయిదు. ఆ నూనెను బయటికి రాకుండా ఆపాల్సింది చంటిపిల్ల గాజంత రబ్బరు సీలు. ఇరవై ఏళ్ల వేడికి అది బిగుసుకుపోయి గట్టిపడితే తప్పెవరిది?

సలహాలకు లోటు లేదు. మా బావమరిది లీకులాపే మందు తెచ్చి పోశాడు. అది రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు మభ్యపెడుతుంది. మాకు నలభై రోజులు, సరిగ్గా ఒక మండలం, పుణ్యం దక్కింది. ఆ తర్వాత స్టీరింగ్‌లో ఆట (వదులు) ఎక్కువైందని బాక్స్ పైనున్న స్క్రూ తనే బిగించాడు. ఇంజనీరింగ్ చదివాడు, కాదనలేం.

అసలు చిక్కు సెల్లార్‌లో వచ్చింది. ఆ నూనె ఎరుపు, నేల మీద పడి ఎండితే అచ్చం పాన్ ఉమ్మినట్టే ఉంటుంది. అసోసియేషన్ సెక్రటరీ గారు వాట్సాప్‌లో నోటీసు పెట్టారు: 'సెల్లార్‌లోనూ గేటు దగ్గరా పాన్ ఉమ్ముతున్నవారు వెంటనే మానుకోవలెను.' అనుమానం వాచ్‌మన్ మీదికి పోయింది. పాపం, అతనికి వక్కపొడి కూడా అలవాటు లేదు. ఆ రాత్రే నేను ఫ్రిజ్ అట్టపెట్టె చింపి బండి కిందికి దూర్చాను. హారన్ కొట్టి గేటు ముందు ఆగినచోట మాత్రం అట్ట వేయలేం కదా. గేటు తీసే అతను రోజూ ఆ చుక్కల్ని చూసేవాడు, తర్వాత నన్ను చూసేవాడు.

ఈ ఏడాది రిజిస్ట్రేషన్ రెన్యువల్ రాకపోతే ఈ ధర్మం ఇలాగే నడిచేది. 2021లో 600 కట్టాను. 2022 ఏప్రిల్ నుంచి అదే 5,000 అయింది, ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000. అంత కట్టి, ఫిట్‌నెస్‌లో చుక్క కారిందని వెనక్కి పంపితే పరువు పోతుంది. వనస్థలిపురం దాటి ఆటోనగర్‌కు వెళ్లక తప్పలేదు.

ఉస్తాద్ వెంటనే స్పానర్ పట్టుకోలేదు. బాక్స్ అంతా డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, పైన టాల్కం పౌడర్ చల్లాడు. "పై గొట్టం కారినా గీ బాక్స్ మీదికే వస్తది సార్. ఊకెనే దించొద్దు." నన్ను స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమన్నాడు. కింద డ్రాప్ ఆర్మ్, అంటే బాక్స్ నుంచి చక్రాల వైపు కదలికను అందించే చెయ్యి, పట్టే షాఫ్ట్ దగ్గర తెల్లటి పౌడర్ మీద ఎర్రగీత పాకింది. మూడేళ్లలో నేను బానెట్ ఎత్తి చూసింది సీసా మూత తీయడానికే.

డ్రాప్ ఆర్మ్‌కూ షాఫ్ట్‌కూ గుర్తు గీసుకుని పుల్లర్ వేసి లాగాడు. బాక్స్ విప్పి, షాఫ్ట్ తీసి, తుడిచి నా చేతికిచ్చాడు. "గోరు పెట్టి గీయున్రి సార్." గీశాను. పాత సీలు కూర్చున్నచోట గోరు ఆగింది, సన్నటి గాడి. "కొత్త సీలేస్తే రెండు నెల్లు. మళ్ల గిదే కథ. బాక్స్ మారుద్దాం." తర్వాత లోపలి గేరు పళ్లు చూసి, "పైన స్క్రూ ఎవరు బిగిచ్చిన్రు?" అన్నాడు. బావమరిది పేరు బయటపెట్టడం మా ఇంటావంటా లేదు. ఆకాశం వైపు చూశాను.

ముందే వచ్చి ఉంటే ఆరేడు వందల సీలుతోనూ, ఒకపూట కూలీతోనూ పోయేదట. ఇప్పుడు రాణిగంజ్ నుంచి కొత్త బాక్స్ తెప్పిస్తే కూలీతో కలిపి ఇరవై అయిదు వేలు. మా ఆవిడ దీన్ని సీసాల లెక్క పక్కన రాసి పెట్టుకుంది.

బాక్స్ కూర్చోబెట్టి, పాత నూనె మొత్తం తీసేసి, ముందు చక్రాలు లేపి, ఈ చివర నుంచి ఆ చివరికి స్టీరింగ్ తిప్పించాడు. రిజర్వాయర్‌లో బుడగలు ఆగేదాకా ఆపొద్దన్నాడు. ఆగాయి. ఇంటికొస్తుంటే స్టీరింగ్ ఒక వేలికి తిరుగుతోంది. మూడేళ్లు కష్టపడి పెంచిన నా కండలకు ఇక పనేమిటో తెలియలేదు.

పది రోజుల తర్వాత సెక్రటరీ గారు మళ్లీ వాట్సాప్‌లో రాశారు: 'పాన్ సమస్య పూర్తిగా పరిష్కారమైనది. సహకరించిన సభ్యులందరికీ ధన్యవాదములు.' అందరూ చప్పట్లు పెట్టారు, నేనూ పెట్టాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు, గోడకు నీటుగా ఆనించి, ఎర్రమరకల ఫ్రిజ్ అట్టముక్క ఉంది.