కుండీలకు టైమర్ ఎందుకు?

ఎండలు ముదిరాయంటే చాలు, ఇంటి మొక్కలకు నీళ్లు పెట్టే పనిని యంత్రానికి అప్పగించేయమనే సలహాలు మొదలవుతాయి. కుళాయికి బిగించే టైమర్లు, చుక్కచుక్కగా నీరు వదిలే డ్రిప్పర్లు, మట్టిలో గుచ్చే తేమ మీటర్లు. పది పదిహేను కుండీలున్న ఇంటికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. వేసవి వారంలో దొరికే కాసిని చిన్న సంతోషాల్లో ఒకదాన్ని డబ్బిచ్చి మరీ వదిలించుకోవడం ఏం తెలివి?

డ్రిప్ గొప్ప ఆవిష్కరణే, అందులో పేచీ లేదు. ఇజ్రాయెల్ ఇంజనీరు సింహా బ్లాస్ రూపొందించిన ప్లాస్టిక్ డ్రిప్పర్‌తో 1965లో నెటాఫిమ్ అనే డ్రిప్ కంపెనీ మొదలైంది. కానీ అది పొలం కోసం పుట్టింది: ఒకే పంట, ఒకే వయసు, ఒకే నేల. ఇంట్లో పది కుండీలుంటే పది రకాల మొక్కలు. ఒకటి మట్టి కుండీ, పక్కది ప్లాస్టిక్. ఒకదాని మీద పొద్దుటి ఎండ, ఇంకోదాని మీద సాయంత్రపు ఎండ. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లను పావుగంట తెరిస్తే అన్నిటికీ తలా లీటరు. మబ్బు పట్టిన రోజూ లీటరే, వడగాలి కొట్టిన రోజూ లీటరే. నీటిలోని ఉప్పు పేరుకుని ఒక డ్రిప్పర్ మూసుకుపోతే ఆ సంగతి ఆకులు రాలాక గానీ తెలియదు. తేమ మీటర్ల తీరు ఇంకా విచిత్రం. చవక రకాలు చూసేది మట్టిలో విద్యుత్తు ఎంత పారుతోందనే. ఎరువు ఎక్కువ పడిన కుండీని అవి ఉన్నదానికంటే తడిగా చూపిస్తాయి.

చేతికి ఇంతకంటే ఎక్కువ తెలుసు. వేలిని రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. పొడిగా ఉంటే పోయాలి; చల్లగా తగిలి మట్టి వేలికి అంటుకుంటే రేపటిదాకా ఆగాలి. ఇంకా నమ్మదగింది బరువు. లీటరు నీరంటే కిలో. నిండా తడిపిన కుండీని ఒకసారి వంచి చూసి, మర్నాడు మళ్లీ వంచితే ఎంత తాగిందో చెయ్యే చెబుతుంది.

మధ్యాహ్నం వాలిన ఆకుల్ని చూసి మగ్గు పట్టుకుని పరుగెత్తేవాళ్లు పప్పులో కాలేసినట్టే. ఆ వేళ ఆకులు వదిలేసే నీటిని వేళ్లు అంత వేగంగా అందించలేవు, అంతే. పొద్దువాలాక తేరుకుంటే మొక్కకు ఏ లోటూ లేదు. తెల్లారేసరికీ వాలే ఉంటే అప్పుడు మట్టిని ముట్టుకోవాలి. ఎండి ఉంటే దాహం. మట్టి తడిగా ఉన్నా ఆకు వాలిందంటే వేళ్లకు గాలి ఆడక కుళ్లుతున్నాయి. ఇక పోసే ప్రతి మగ్గూ మొక్క ప్రాణం తీయడానికే. రెండు జబ్బులకూ లక్షణం ఒకటే, వైద్యం మాత్రం తలకిందులు. టైమర్‌కు ఈ తేడా తెలిసే దారే లేదు.

కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన కుండీల్లో ఇంకో మోసం ఉంది. ఒకసారి పూర్తిగా ఎండితే లోపలి ముద్ద కుంచించుకుపోయి కుండీ గోడను వదిలేస్తుంది. పోసిన నీరు ఆ సందులోంచి జారి అడుగు కన్నంలోంచి బయటపడుతుంది. కింద పళ్లెం నిండింది కదా అని తృప్తి పడతాం, నడుమ వేళ్లు ఎండుతూనే ఉంటాయి. కుండీని మూడోవంతు మునిగేలా నీళ్ల తొట్టెలో అరగంట ఉంచి, పైమట్టి తేమ తేలాక తీసి, మిగులు నీరు కారిపోనివ్వాలి. పక్కనే కూర్చుంటే బుడగలు లేవడం కనిపిస్తుంది. కాలక్షేపానికి అంతకంటే ఏం కావాలి?

నీళ్లు పోసే వేళే కన్ను ఇంకో పని చేస్తుంది. వేడి, పొడిగాలి కలిస్తే ఎర్రనల్లి వారం పది రోజుల్లో కొత్త తరాన్ని దించేస్తుంది. ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు. ఆ దశలోనే ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో గట్టిగా కడిగి, మూడు నాలుగు రోజులకోసారి మళ్లీ కడిగితే చాలాసార్లు మందు దాకా పోనక్కర్లేదు.

మరి ఊరెళ్లేవాళ్ల మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే. వందల కుండీలున్నవాళ్లు, నడుం వంగనివాళ్లు డ్రిప్ పెట్టుకుంటే తప్పేం కాదు. నాలుగు రోజుల ప్రయాణానికి మాత్రం కుండీలను నీడలో దగ్గరగా చేర్చి, కాండానికి తగలకుండా రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే చాలు. పెద్ద తొట్లలో మెరుగు పూయని మట్టిపిడతను మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టొచ్చు. చుట్టూ మట్టి ఎండేకొద్దీ పిడత గోడలోంచి నీరు ఊరుతుంది. 2,000 ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ రాతల్లోనే ఉన్న కిటుకు ఇది.

ఈ గొడవ కుండీలతో ఆగేది కాదు. సమయం మిగిల్చే వస్తువు అమ్మాలంటే ముందు మన పనికి కష్టమని పేరు పెట్టాలి. నీళ్లు పోయడం కష్టమని ఎవరు మొరపెట్టుకున్నారు? మిగిలిన పది నిమిషాలూ ఫోన్‌లోకే పోతున్నాయి. ఆ ఫోన్‌లోనే టైమర్ యాప్ కూడా ఉంటుంది. బ్యాటరీ తగ్గిందనీ, వైఫై తెగిందనీ అది పంపే నోటిఫికేషన్లకు జవాబు చెప్పుకోవడం కొత్త చాకిరీ. అడుగులు లెక్కపెట్టే గడియారం, నిద్రకు మార్కులేసే ఉంగరం కూడా ఈ బాపతే. ఒంటికి తెలిసిన సంగతినే అంకెగా మార్చి మళ్లీ మనకే అమ్ముతున్నారు.

ఇప్పటికే టైమర్ కొనేసినవాళ్లు ఈ వారం దాన్ని ఆపేసి, పొద్దున్నే ఒక్కో కుండీని వంచి చూడండి. ఏడో రోజున కూడా అన్నిటికీ తలా లీటరే పోయాలనిపిస్తే మళ్లీ బిగించుకోండి.