మిల్‌గ్రామ్‌గారూ, రోంత జరగండి

క్యూలో దూరే విద్య మన తిరుపతిలో తరతరాలుగా వర్ధిల్లుతోంది. దాన్ని లెక్కగట్టి అచ్చు వేయించుకున్న కీర్తి మాత్రం న్యూయార్క్‌కు పోయింది. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తను హార్వర్డ్ వాళ్ళు శాశ్వత ఉద్యోగంలో ఉంచుకోలేదు. ఆయన 1967లో న్యూయార్క్ చేరి ఆ ఊరినే ప్రయోగశాల చేసుకున్నాడు. రైల్వే టికెట్ కౌంటర్లు, పందేల దుకాణాల లాంటి చోట్ల 129 క్యూల్లోకి మనుషులను తోలి, ఎవరేమంటారో రాయించాడు. ఆ ఫలితాలు అచ్చయింది 1986లో. ఆయన 1984లోనే, 51 ఏళ్ళకే పోయాడు. లోకం మాత్రం ఆయన్ని, పక్కగదిలోని మనిషికి షాకు కొట్టమని ఆదేశిస్తే జనం ఎంతదాకా వింటారో చూడ్డానికి యేల్ విశ్వవిద్యాలయంలో పెట్టిన ఉత్తుత్తి కరెంటు షాకుల పెట్టెతోనే గుర్తుపెట్టుకుంది. ఇది అన్యాయం. షాకుల పెట్టె మన ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు, క్యూ మాత్రం గడప దాటితే ఉంది.

ఆయన పద్ధతి చదివితే జాలేస్తుంది. సగటున ఆరుగురున్న క్యూలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ నడుమ దూరాలి. మామూలు గొంతుతో ‘క్షమించండి, నేనిక్కడ నిలబడాలి’ అనాలి. జవాబు కోసం ఆగకుండా ముందుకు తిరిగి నిలబడాలి. ఎవరైనా పొమ్మంటే పోవాలి. ఎవరూ ఏమీ అనకపోయినా ఒక్క నిమిషానికి తనంతట తానే తప్పుకోవాలి. నిమిషానికే తప్పుకునేవాడికి తిరుమల బస్సు టికెట్ ఏ జన్మలో దొరుకుతుంది? పైగా క్షమించమని అడగడమొకటి! మనవాడు ‘రోంత జరగండి సామీ’ అంటాడు. ఆ మాట పూర్తయ్యేలోపు మోచెయ్యి కౌంటర్ గట్టు మీద, వంద నోటు కిటికీ లోపల ఉంటాయి.

అంత మర్యాదగా దూరినా, ఒక్కడే దూరినప్పుడు 54 శాతం క్యూల్లో ఎవరో ఒకరు అడ్డం చెప్పారు. ఇద్దరు కలిసి దూరితే ఆ లెక్క 91 శాతానికి ఎగబాకింది. ఆ తప్పు మనవాళ్ళు చెయ్యరు. ముందు పెద్దాయన దూరి కుదురుకుంటాడు. కాసేపటికి చంకలో బిడ్డతో కోడలు వస్తుంది. ఆ తర్వాత బ్యాగుతో బామ్మర్ది. ఈ విడతల పద్ధతికి మిల్‌గ్రామ్ పట్టికల్లో గడే లేదు.

అడ్డం చెప్పినవాళ్ళలో నాలుగింట మూడు వంతుల దాకా దూరినవాడికి వెనకున్నవాళ్ళే. ముందున్నవాడికి పోయేదేముంది, వాడి వంతు వాడికి భద్రం. వెనకున్నవాళ్ళలోనూ సరిగ్గా వీపు వెనక నిలబడ్డ మనిషి మీదే క్యూ మొత్తం ఆధారపడి ఉంటుంది. అతను నోరు మెదపకపోతే ఆ వెనకవాడు ‘బంధువులేమో’ అనుకుంటాడు, ఆ పై వెనకవాడు ‘వాళ్ళకు లేని బాధ నాకెందుకు’ అనుకుంటాడు. మిల్‌గ్రామ్ దీన్నీ పరీక్షకు పెట్టాడు. దూరబోయే చోటుకు వెనకాలే తన మనుషులను ముందుగా నిలబెట్టి, ఏం జరిగినా పలకొద్దన్నాడు. అలాంటి మౌనులు ఇద్దరుంటే, ఒంటరిగా దూరినవాడికి అభ్యంతరాలు 5 శాతానికి పడిపోయాయి.

పాపం, ఆయన ఆ మౌనులకు శిక్షణ ఇవ్వాల్సి వచ్చింది. మన బస్టాండులో వాళ్ళు రీల్స్ చూసుకుంటూ ఉచితంగా దొరుకుతారు. కాబట్టి దూరదలచినవాడు ముఖాలు చూడనక్కర్లేదు, మెడలు చూస్తే చాలు. వరసగా రెండు వంగిన మెడలు ఎక్కడున్నాయో వాటికి ముందున్న సందే సరైన చోటు. ఆ సందు వెనక పీలేరు నుంచి మూట మోసుకొచ్చిన అవ్వ ఉంటే మాత్రం ప్రయత్నం మానుకోవాలి. ఆమె చేతిలో ఫోన్ ఉండదు, చూపంతా కౌంటర్ మీదే. ‘ఏం నాయనా, మేమంతా పనిలేక నిలబడుకోనుండామా?’ అని ఒక్కసారి అడిగిందంటే అన్ని మెడలూ పైకి లేస్తాయి. కొండ మీద దర్శనం క్యూలోనూ ఈ విద్య నడవదు. కంపార్టుమెంట్లో కూర్చోబెట్టి, గేటు తీసినప్పుడే వదులుతారు. ఇనుము ఉన్నచోట మనస్తత్వ శాస్త్రానికి పని ఉండదు.

సాకుల విషయంలో ఆయన మాట వినడం మంచిది. భూగర్భ రైళ్ళలో కూర్చున్నవాళ్ళను ఏ కారణమూ చెప్పకుండా సీటు ఇవ్వమని అడిగిస్తే, 68 శాతం మంది లేచారు లేదా జరిగి చోటిచ్చారు. ‘నిలబడి పుస్తకం చదవలేకపోతున్నా’ అని సాకు చేర్చగానే అది 42కు దిగింది. సాకు చెప్పడమంటే దాన్ని తూచే తక్కెడ ఎదుటివాడి చేతికివ్వడమే. ‘ట్రైనుకు టైమైంది’ అనేవాడు ఇందుకే దెబ్బతింటాడు, వెనకున్న నలభై మందిదీ అదే ట్రైను. ఇంతకీ సీటు అడగడానికి మిల్‌గ్రామ్ స్వయంగా వెళ్తే మాట గొంతులోనే అడ్డం పడిందట. సీటు దొరికాక సిగ్గుతో తల మోకాళ్ళ మధ్యకు వాలిపోయి, ముఖం పాలిపోయిందట. ఇంత సున్నితమైన మనిషి మన ఓపీ చీటీల కౌంటర్ దగ్గర మధ్యాహ్నం దాకా కూడా నిలవలేడు.

ఆయన లెక్క మన గడ్డ మీద తలకిందులైన చోటు ఒకటుంది. షాకుల ప్రయోగంలో దాన్ని నడిపే బూడిదరంగు కోటు మనిషి పక్కనే నిలబడి చెబితే 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా నొక్కారు. అవే ఆదేశాలు ఫోన్‌లో ఇస్తే మాట విన్నది దాదాపు ఐదో వంతే. ‘సరే, పెంచుతున్నా’ అంటూ తక్కువ వోల్టుల స్విచ్చే నొక్కి తప్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. మన దగ్గర ఎదురుగా నిలబడి చెప్పేవాడిని ఎవరూ పట్టించుకోరు. ‘సార్ లైన్లో ఉన్నారు’ అంటే చాలు, గార్డు తాడు ఎత్తేస్తాడు. జాగ్రత్తలు రెండే. ఏ సారో చెప్పకూడదు. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకోవాలి తప్ప గార్డు చేతికివ్వకూడదు. ఇస్తే, అవతల మాట్లాడుతున్నది ఇంకా విడత రాక క్యూ చివర బ్యాగుతో నిలబడ్డ బామ్మర్దేనని తెలిసిపోతుంది.