మోరీ నుంచి రామప్ప దాకా

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మొన్న ఆదివారం ఒకాయన ఫొటో పెట్టి, "మూలమీది మోరీ నిండింది, పూడిక ఎప్పుడు తీస్తరో ఎవరికన్న తెలుసా?" అని అడిగాడు. తప్పు ఆయనదే. హన్మకొండలో ఇరవై ఏళ్ల నుంచి ఉంటున్న మనిషికి, గ్రూపులో ప్రశ్న అడగకూడదన్న ఇంగితం లేకపోతే ఎట్లా?

నిమిషంలో జవాబు వచ్చింది. "ఇన్నాళ్లు ఏడ వన్నవ్?" రెండోది ఇంకా లోతైనది: "అడిగేటోడు కాలనీ చందా కట్టిండా?" మూడో సారు దండం బొమ్మ, శుభోదయం, ఒక తామరపువ్వు. ఆ రోజు మోరీకి కాస్త దగ్గరగా వచ్చింది ఆ తామరపువ్వే, బురదలో పూసేదే కదా.

ఆ తర్వాత ఒక పెద్దమనిషి కాకతీయులను దించాడు. వాళ్లు గొలుసుకట్టు చెరువులు కట్టారట, ఒకటి నిండితే అలుగు దుంకి నీళ్లు కింది చెరువులోకి పోయేవట. నిజమే. ఆ నీళ్లు పోయే తోవలోనే మనం ఇళ్లు కట్టుకున్నాం అని ఎవరన్నా ఒక్క మాట అంటే అసలు చర్చ మొదలయ్యేది. ఎవరూ అనలేదు, అనాల్సినవాళ్ల ఇళ్లూ అక్కడే ఉన్నాయి మరి.

"రామప్ప గుడి ఇటుక నీళ్లల తేలుతది, ఇంజినీరింగ్ అంటే గది" అన్నాడు ఇంకొకాయన. గుడి కట్టింది 1163లో అని ఒకరు, "1163 వేయిస్తంభాల గుడి, రామప్ప 1213, సదువుకొని రా" అని ఇంకొకరు. ఇంతలో మా రెండో గల్లీ సారు, మాటలతో పని కాదని, గోడకు తెచ్చుకున్న ఇటుకల్లోంచి ఒకటి పట్టుకొచ్చి బకెట్‌లో వేసి వీడియో పెట్టాడు. అది బుడుంగుమని మునిగింది. "మునిగింది. అంతా అబద్ధం." గుడి శిఖరానికి వాడిన తేలిక ఇటుక వేరు, బట్టీ ఇటుక వేరు అని ఒక కుర్రాడు చెప్పబోతే, "నీ వయసెంత?" అన్నారు. ఒకాయన థర్మాకోల్ ముక్క వేసి, "నాది తేలింది" అని పెట్టాడు. తాగే నీళ్లు పారబోస్తున్నారని మరొకరు అందుకున్నారు. మొదటి వీడియోలో వెనక నుంచి ఒక ఆడగొంతు, "ఆ బకెట్ల బట్టలు నానవెట్టిన, ఇటుక ఏసినవా!" అంటుంది. ఆ రోజు మొత్తంలో ఆధారంతో సహా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

"ఇజ్జత్ ఉన్నోడు ఈ గ్రూపుల ఉండడు" అని ఒకాయన వెళ్లిపోయాడు. పావుగంటకు అడ్మిన్ మళ్లీ చేర్చితే, "ఏమైంది తర్వాత?" అని అడిగాడు. రాత్రికి అడ్మిన్, మర్యాద ముఖ్యమని చెప్పి అందరి నోళ్లకు తాళం వేసి, తన బామ్మర్ది ప్లాట్ అమ్మకం ప్రకటన పెట్టుకున్నాడు.

నవ్వుకుంటూనే రాస్తున్నా గానీ, 2023 జూలై ఆఖరు గుర్తొస్తే నవ్వు రాదు. అటు భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగింది, ఇక్కడ మన లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ రాత్రి మా చివరి గల్లీ నుంచి ఒక పిల్ల, "ఇంట్లకు నీళ్లొస్తున్నయ్, అమ్మమ్మ నడువలేదు, ఎవరన్న రాండ్రి" అని పెట్టింది. దాని కింద ఏముందో తెలుసా? 2020 ఆగస్టులో నీళ్లు ఎక్కువ వచ్చాయా, ఇప్పుడా అన్న కొట్లాట. ఒకరి మీద ఒకరు ఎక్కి తొక్కుతుంటే ఆ పిల్ల మాట పైకి పోయింది, వేలితో ఎంత తోసినా దొరకనంత పైకి. ఆ ముసలామెను ఎత్తుకొచ్చి మేడ మీద కూర్చోబెట్టింది పాలు పోసే పిల్లగాడు. వాడు గ్రూపులో లేడు, వాడిది బటన్ల ఫోను. ఇన్ని డిగ్రీలు, ఇన్ని పెద్ద ఫోన్లు, థూ! సిగ్గుండాలి మనకు. మనకు అంటే నాక్కూడా. ఆ కొట్లాటలో నేనూ రెండు మెసేజ్‌లు పెట్టాను, 2020 పక్షాన.

మోరీ సంగతంటారా? అడిగినాయనే నిన్న పొద్దున లుంగీ ఎగ్గట్టి, పార పట్టుకొని దిగాడు. ఎవరో మేడ మీద నుంచి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు, తాళం కూడా అప్పటికి తీశారు.

మొదటి జవాబు: "ఆ పార ఎవలది?"