ఒంగోలు గిత్తకు చప్పట్లు, పాలకేంద్రంలో ముర్రాకు డబ్బులు

సంక్రాంతికి ఎడ్ల బలప్రదర్శన వీడియోలు రాగానే, మన రైతులు ఒంగోలు జాతిని వదిలేసి హర్యానా ముర్రా గేదెల వెంట పడ్డారని గుంటూరు, విజయవాడ అపార్ట్‌మెంట్లలో కూర్చుని బాధపడేవారు ఏటేటా పెరుగుతున్నారు. ఆ బాధ నిజమైనదే కావచ్చు గానీ, నింద రైతు మీద వేయడం అన్యాయమని నా అభిప్రాయం. పశువును కొనేవాడు అది చేయబోయే పనికే డబ్బు పెడతాడు, ఆ పని మారితే అతడి కంటికి ఆనే ఒళ్ళు కూడా మారుతుంది.

మన తాతలు గిత్తను ఏమి చూసి ఎంచుకున్నారో ఒకసారి గమనించండి. మూపురం ముందు కాడి కుదురుగా నిలవాలి, గట్టి గిట్టలతో రేగడి దుక్కిలో తడబడకుండా నడవాలి, పొట్టి కొమ్ములు జోడు ఎద్దుకు అడ్డం రాకూడదు, నల్లని తోలు మీది తెల్లని పొట్టి వెంట్రుకలు, వదులు చర్మం, వేలాడే గంగడోలు మన మే నెల ఎండను కాయాలి. అదంతా నాగలికీ బండికీ సరిపోయేలా తరాల తరబడి ఏరుకున్న ఒళ్ళు. ట్రాక్టరు వచ్చాక దానికి ఉన్న గిరాకీ చాలావరకు బండలాగుడు పోటీలకే పరిమితమైంది. అక్కడ వయసును పళ్ళతో లెక్కగట్టి పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెట్టి లక్షల రూపాయల జతలను దింపుతారు. అయితే ఆ ఖర్చు భరించగలిగేవారు ఊరికి ఒకరిద్దరే ఉంటారు. మిగిలినవారికి నెల గడవాలంటే పాలే ఆధారం.

పాల లెక్కలో ఒంగోలు ఆవు నిలబడలేదు. అది ఒక ఈతలో సగటున 800 లీటర్లకు అటూ ఇటూ ఇస్తే, ముర్రా గేదె దానికి రెట్టింపు ఇస్తుంది. పైగా పాలకేంద్రంలో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) చూసి ధర కడతారు. ఏడు శాతం వెన్న ఉన్న గేదె పాలు పది లీటర్లు పోస్తే అందులో సుమారు 700 గ్రాముల వెన్న ఉంటుంది, మూడున్నర శాతం ఉన్న సంకర హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవు పాలు పదిహేను లీటర్లు పోసినా ఉండేది సుమారు 525 గ్రాములే. వరిగడ్డి, కోతల తరువాత పొలంలో పెరిగే జనుము, పిల్లిపెసర, చేతనైనంత తవుడూ పత్తిచెక్కా పెట్టి ఆ వెన్న తీయగలిగిన పశువు కృష్ణా డెల్టాలో గేదే. హెచ్‌ఎఫ్, జెర్సీ సంకరాలు ఎండకు రొప్పుతాయి, రక్తం పీల్చే గోమార్ల వల్ల వచ్చే థైలేరియా జ్వరానికి తొందరగా పడిపోతాయి. షెడ్డు, ఫ్యాను, పశువైద్యుడు అందుబాటులో ఉన్నవారికి అవి లాభసాటి కావచ్చు, రెండు గేదెల ఇంటికి మాత్రం కావు.

ఇక ఒంటి లక్షణాల విషయంలో రైతుది గుడ్డి నమ్మకమని అనుకునేవారు తెనాలి వైపు ఒక బేరాన్ని దగ్గర నుంచి చూడాలి. మా మేనమామ కొనబోయే గేదె దగ్గర సాయంత్రం, మళ్ళీ తెల్లవారుజామున, రెండు పూటలా తన ఎదుటే పాలు పితికించుకుంటాడు, ఎందుకంటే ఒక పూట పితకకుండా నిలిపి పొదుగును ఉబ్బించి చూపే అమ్మకందారులకు కొదవ లేదు. పితికాక పొదుగు ఖాళీ సంచిలా ముడుచుకుంటే అది పాల పొదుగు, గట్టిగా అలాగే ఉంటే కండ పొదుగు. నాలుగు చన్నులూ విడివిడిగా పిండి ధార చూస్తాడు, పొట్ట కింద పాలనరం ఎంత లావుగా వంకర్లు తిరిగిందో వేలితో తడుముతాడు, పళ్ళు చూసి వయసు కట్టి, దూడ దానిదేనా అని చేపు (పొదుగులోకి పాలు దిగడం) వచ్చే తీరును బట్టి తేల్చుకుంటాడు. మెలి తిరిగిన కొమ్ములు ముర్రా జాతికి గుర్తే గానీ పాలకు పూచీ కావు. ఒంటి మీది వెంట్రుకల సుడుల మంచి చెడ్డల గురించి మాత్రం ఆయనతో వాదించి లాభం లేదు, అక్కడ నేను ఊరుకుంటాను.

నాకు అసలు కోపం తెప్పించేది వేరే ఉంది. ఏ2 పాలని ఒంగోలు ఆవు పేరు చెప్పి రెండు మూడింతల ధర పెట్టి కొనేవారు, ఇంటి ముందుకు వచ్చే గేదె పాలలో ఉండేదీ ఏ2 బీటా కేసీన్ అనే ప్రోటీనేనని తెలుసుకోరు. పుంగనూరు ఆవును ఎంత పొట్టిగా ఉంటే అంత గొప్ప అని లక్షలు పోసి వరండాలో కట్టుకుంటారు. పాలూ చూడక, ఈతల మధ్య ఎడమూ చూడక, పొట్టితనం ఒక్కటే చూసి జతకట్టిస్తూ పోతే జాతికి జరిగే మేలు ఏమిటో నాకు అర్థం కాదు.

మన గిత్తలను తీసుకువెళ్ళిన బ్రెజిల్ వారు వాటికి నెల్లూరు పేరే పెట్టి నెలోర్ అన్నారు. వారికి కావలసింది మాంసం, కాబట్టి ఏ వయసుకు ఎంత బరువు, మొదటి ఈత ఎప్పుడు అనేవి తూచి, రాసి, ఏరుకున్నారు; కొమ్ములు లేని నెలోర్‌ను కూడా పెంచారు. 2023 వేలంలో వయాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా పలికిన ధరను బట్టి దాని విలువ 43 లక్షల డాలర్లని తేలింది. అది చూసి మనం ఛాతీ విరుచుకున్నాం గానీ, మన ఊళ్ళలోని ఒంగోలు ఆవుల్లో ఏది ఎన్ని లీటర్లు ఇస్తుందో రాసిన పుస్తకం ఎన్ని ఇళ్ళలో ఉంది? గుంటూరు పక్కన లాం ఫారంలో పరిశోధకులు జాతిని కాపాడుతున్నా, ఒక్క ఫారం మందతో జిల్లాల పశుసంపద మారదు. ఒంగోలు జాతిపై నిజంగా ప్రేమ ఉన్న దాతలు పోటీల బహుమతిలో కొంత భాగాన్ని, గిత్త తల్లి పాల లెక్క వరుసగా రాసి చూపిన రైతుకు ఇవ్వడం మొదలుపెట్టాలి.