తలుపు అవతల మనుషులే కదా!

2016లో వచ్చిన కొరియా సినిమా 'ట్రైన్ టు బుసాన్' మళ్లీ చూశాను. జాంబీలను, అంటే రోగం సోకి మనుషుల్ని కరిచే నడిచే శవాలను చూస్తే భయమేసింది, అంతే. కడుపు మండింది మాత్రం రైల్లో బతికున్న మనుషుల్ని చూసి. అవతల తోటి ప్రయాణికులు తలుపు బాదుతుంటే లోపలివాళ్లు తెరవనివ్వరు! ఎలాగో లోపలికొస్తే, 'వీళ్లకూ సోకింది' అని సూటు వేసుకున్న పెద్దమనిషి ఒక్క కేక. పెట్టె పెట్టంతా 'పొండి' అంటుంది.

అందరూ అతన్నే తిడతారు. అతనొక్కడి వల్ల అయ్యే పనేనా అది? వంత పాడినవాళ్ల మాటేంటి? పొద్దున టికెట్ కొనుక్కుని ఎక్కిన మామూలు మనుషులే, మనలాంటివాళ్లే. అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

కాసేపటికి, జాంబీగా మారిన తోబుట్టువును అద్దంలోంచి చూసి, ఒక ముసలావిడ ఆ తలుపు తీసేస్తుంది. ఆవిడను తప్పుపట్టడం నా వల్ల కాలేదు.