నాన్నగారు చెప్పిన విమానాల చరిత్ర

ఢిల్లీలోని పాలం వైమానిక దళ మ్యూజియంలో విమానాల ముందు పెట్టిన బోర్డులన్నీ వెంటనే పీకేయించాలని సంబంధిత అధికారులకు మనవి. 1967లో మ్యూజియం పెట్టిన నాటి నుంచీ వాటికి రంగులనీ తుడుపులనీ ఎంత ఖర్చయిందో గానీ అదంతా దండగ. ఎందుకంటే లోపలికి వచ్చే ప్రతి కుటుంబంతోనూ ఒక నాన్నగారు వస్తారు. ఆయనకు అన్నీ తెలుసు.

ఆయన అర్హతలు సామాన్యమైనవి కావు. కిటికీ పక్క సీట్లో కూర్చుని విమానయానం చేసినవారు. వారి ఆఫీసులో ఒకాయన కొడుకు సైన్యంలో ఆఫీసరు కావడానికి పెట్టే ఎన్‌డీఏ పరీక్ష రాసి వచ్చాడు కూడా. బోర్డు చదవడమంటే తెలియనివాళ్లు చేసే పని కాబట్టి, నాన్నగారు సరిగ్గా దానికే వీపు ఆనించి నిలబడి పాఠం మొదలుపెడతారు. వెనకాల వచ్చేవాళ్లకీ బోర్డు కనపడదు. అది ఉచిత సేవ.

ఆయన శాస్త్రంలో విమానాలు మూడు రకాలు. ముందు ఫ్యాను ఉంటే గాంధీగారి కాలం నాటిది. రెక్కలు వెనక్కి వాలి ఉంటే మిగ్. తక్కినవి 'పాతవి'. ఈ లెక్కన హంటర్ మిగ్, మిస్టేర్ మిగ్, సుఖోయ్-7 కూడా మిగ్గే. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ మన దేశానికొచ్చి గీసిన, 1961లో బెంగళూరులో మొదటిసారి ఎగిరిన మారుత్ అయితే ఇంకా పెద్ద మిగ్. చివరికి అసలు మిగ్-21 ఎదురవుతుంది. దాని రెక్క త్రికోణం. నాన్నగారు కళ్లు చికిలించి చూసి, "ఇది రఫేల్" అని తేల్చేస్తారు.

ఆ మధ్య అలాంటి ఒక కుటుంబం వెనకాలే నడిచే భాగ్యం నాకు కలిగింది. మన తెలుగువాళ్లే. విమానానికి ఇంకా టైముందని సామాన్లతో సహా వచ్చేశారు. వాపిటీ అనే పాతకాలపు విమానం దగ్గర నాన్నగారు, "రైట్ సోదరులు ఎగరేసింది ఇదే" అన్నారు. పిల్లాడు ఆరో ఏడో చదువుతుంటాడు. ఈ వయసు పిల్లల్లో ఒక దుర్గుణం ఉంది, కనపడిందల్లా చదివేస్తారు.

"నాన్నా, కరాచీ అని ఉందేంటి?"

"ప్రింటింగ్ మిస్టేక్."

ఆ మిస్టేక్ 1933 ఏప్రిల్ 1న జరిగింది. మన వైమానిక దళం మొట్టమొదటి స్క్వాడ్రన్ కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో, నాలుగంటే నాలుగు వాపిటీలతో మొదలైంది. నేల మీద వాటిని చూసుకోవడానికి 19 మంది హవాయి సిపాయిలు, అంటే వైమానిక దళ సిపాయిలు. సరే, నాన్నగారు కాదన్నాక చరిత్ర ఎంత!

తర్వాత జపానువాళ్ల ఓకా దగ్గరకు చేరాం. చూడడానికి చిన్న పడవలా ఉంటుంది.

"ఇది రిమోట్‌తో నడిచే బాంబు" అన్నారు నాన్నగారు.

"మరి లోపల సీటెందుకు నాన్నా?"

"రిమోట్ పట్టుకుని కూర్చోడానికి."

"చక్రాలేవి?"

"ఊడిపోయుంటాయి."

"మరి ఎలా దిగుతాడు?"

"ఎక్కువ ప్రశ్నలేస్తే ఐస్‌క్రీమ్ లేదు."

ఆ పిల్లాడు వేసినవన్నీ వేయాల్సిన ప్రశ్నలే. ఓకాకి చక్రాలు ఎప్పుడూ లేవు. పెద్ద బాంబర్ కడుపు కింద తగిలించి తీసుకెళ్లి వదిలేసేవాళ్లు. లోపల కూర్చున్నవాడు ఓడను గుద్ది చచ్చిపోవడానికే కూర్చునేవాడు. ఒక్క వాక్యంలో చెప్పొచ్చు, పిల్లాడు జన్మలో మరిచిపోడు. వాడికి దక్కింది ఐస్‌క్రీమ్ బెదిరింపు.

బయట నిలబెట్టిన లిబరేటర్ బాంబర్‌ని చూసి అమ్మగారు, "ఇంత పెద్దదేంటండీ" అన్నారు. "ఏముంది, పాత ఇనుము" అని జవాబు. ఒక రకంగా నిజమే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటిష్‌వాళ్లు వీటిని కాన్పూర్‌లో వదిలేసి, మళ్లీ ఎవరికీ పనికిరాకుండా పాడుచేసి మరీ వెళ్లిపోయారు. మన విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ మెకానిక్కులు ఆ ఇనుమునే బాగుచేసి ఎగరేస్తే, మనవాళ్లు 1968 దాకా వాడారు. బ్రిటన్ వైమానిక దళ మ్యూజియంలో ఉన్న లిబరేటర్ కూడా మన దగ్గర్నుంచి వెళ్లిందే. తుక్కు కింద వదిలేసినదాన్ని వాళ్లే తీసుకెళ్లి దాచుకున్నారు.

ఆ తర్వాత నాట్. చిన్న యుద్ధవిమానం. నాన్నగారి తీర్పు: "ఇది పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చేది."

అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటాయి, చేతిలో కర్ర. తెలుగు మాటలు వినపడి ముఖం వికసించి దగ్గరకొచ్చారు. "ఇది నాట్ బాబూ. నేను దీనికి ఇంజన్ ఫిట్టర్‌గా చేశాను. నిచ్చెన కూడా అక్కర్లేదు, నేల మీద నిలబడే పనంతా..."

"అంకుల్, కొంచెం పక్కకి జరగండి. ఫోటోలో పడుతున్నారు."

ఆయన జరిగారు. సారీ కూడా చెప్పారు.

ఎవరండీ పక్కకి జరగాల్సింది? 1971 డిసెంబర్ 14న ఆరు పాకిస్తాన్ సేబర్ యుద్ధవిమానాలు శ్రీనగర్ మీదికొచ్చి రన్‌వే మీద బాంబులు వేస్తుంటే, ఆ బాంబుల మధ్యలోంచే ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నాట్‌లో పైకి లేచాడు. తిరిగి రాలేదు. వైమానిక దళం మొత్తంలో పరమవీరచక్ర వచ్చింది ఆయన ఒక్కడికే. అది మీకు పిల్లల విమానమా? సరే, ఆయన పేరైనా ఎక్కడో ఒక చోట ఉంది. డిసెంబరు చలిలో ఆ విమానాల ఇంజన్లు చూసినవాళ్లకి, తుపాకుల్లో గుళ్లు నింపినవాళ్లకి ఏ బోర్డూ లేదు. అలాంటి పని చేసిన మనిషి తనంతట తాను వచ్చి, మీ భాషలో, మీ పిల్లాడికి చెబుతానంటే నోరు మూయించి పంపేస్తారా? ఆ ఇనుము ముందు పళ్లు బయటపెట్టి నిలబడే హక్కు మీకెవరిచ్చారు? సిగ్గుండక్కర్లేదా!

క్షమించండి, నిపుణుల మీద గొంతు పెంచకూడదు. ఈపాటికి ఆ ఫోటో బంధువుల వాట్సాప్ గ్రూపులో చేరే ఉంటుంది. కింద 'జై హింద్' అని, పక్కన మూడు జెండాలు. బావమరిదిగారు సెల్యూట్ బొమ్మ పెట్టి ఉంటారు. ఆయనా నాన్నగారే. వచ్చే సెలవులకి సకుటుంబంగా ఢిల్లీ వస్తారు.